సూపర్‌డోమ్ నుంచి డిజైర్ వీధికి

అందరికీ నమస్కారం. ఈ హాల్లో పీఈటీలు ఉన్నారు, కోచ్‌లు ఉన్నారు, తెల్లారకముందే పిల్లల్ని బండెక్కించుకుని గ్రౌండుకు తీసుకెళ్ళే అమ్మానాన్నలు ఉన్నారు. ఆట ఆగిపోయాక ఆటగాడి బతుకు ఎలా సాగుతుందో మాట్లాడమన్నారు నన్ను. ఉద్యోగరీత్యా నేను చాలాకాలం అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఉన్నాను. అక్కడ శనివారం వచ్చిందంటే కాలేజీ ఫుట్‌బాల్ తప్ప ఇంకో మాట ఉండదు. ఆ ఆటను ఇష్టంగా చూసినవాణ్ణి కాబట్టి, అక్కడి ఒక క్వార్టర్‌బ్యాక్ జీవితాన్ని ఈ సాయంత్రం మీ ముందు పెడతాను. అతని పేరు డానీ వర్ఫెల్.

1996లో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఇతన్ని మించినవాడు లేడని తేల్చి, ఆ ఆటలో అతిపెద్ద బహుమతి అతని చేతికిచ్చారు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు తిరక్కుండానే, ముప్ఫై నిండకముందే, అతను ఆట వదిలేశాడు. వదిలేశాక ఏం చేశాడన్నది చాలామంది చెబుతారు. ఆ పని అతనికి ఎప్పుడు, ఏ స్థితిలో ఉండగా పరిచయమైందన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నాకు అదే ముఖ్యమనిపిస్తుంది.

ముందు ఆట సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మనం ఫుట్‌బాల్ అనే ఆట వేరు, ఇది వేరు. జట్టుకు పదకొండు మంది. గీతకూ గీతకూ మధ్య వంద గజాల మైదానం. బంతి దగ్గరున్న జట్టుకు నాలుగు అవకాశాలిస్తారు. ఆ నాలుగింటిలో కనీసం పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్ళీ నాలుగు, లేకపోతే బంతి ఎదుటివాళ్ళకు పోతుంది. ఎదుటివాళ్ళ గీత దాటిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ప్రతిసారీ ముందు వరసలో మధ్యన వంగి నిలబడ్డ సెంటర్ అనే ఆటగాడు బంతిని కాళ్ళ సందులోంచి వెనక్కి అందిస్తాడు. దాన్ని అందుకునేవాడే క్వార్టర్‌బ్యాక్. అందుకున్న క్షణం నుంచి వందేసి కిలోల పైనుండే మనుషులు నలుగురైదుగురు అతని మీదకు దూసుకొస్తుంటారు. అతనికి దొరికేది రెండు మూడు సెకన్లు. ఆలోపు ఎవరు ఖాళీగా ఉన్నారో చూడాలి, బంతి వెయ్యాలి. వేశాక దెబ్బ ఎలాగూ తగులుతుంది. గెలిస్తే పేరంతా అతనిదే, ఓడితే నింద కూడా అతనిదే.

ఇక అక్కడి కాలేజీ ఆట అంటే మన ఇంటర్ యూనివర్సిటీ పోటీల లాంటిదనుకోకండి. ఫ్లోరిడా యూనివర్సిటీ ఉన్న గెయిన్స్‌విల్ పెద్ద నగరమేమీ కాదు. కానీ అక్కడి స్టేడియంలో ఎనభై వేల పైచిలుకు జనం పడతారు. మన పిల్లలు ఎంఎస్ చదవడానికి వెళ్ళే యూనివర్సిటీల్లో చాలావాటికి ఇలాంటి స్టేడియాలే ఉన్నాయి. చేరిన మొదటి ఆగస్టులోనే వాళ్ళకు అర్థమవుతుంది, ఊరు ఊరంతా ఒకే రంగు చొక్కాలేసుకుని తిరిగే ఆ శనివారాలేమిటో. టీవీ హక్కులు, టికెట్లు, దాతల విరాళాలు కలిపి కోట్ల డాలర్లు తిరుగుతాయి. డానీ ఆడిన రోజుల్లో అందులో ఆటగాడికి దక్కింది స్కాలర్‌షిప్పు మాత్రమే. ఫీజు, బస, తిండి. అంతే.

డానీ 1974లో ఫ్లోరిడాలోని పెన్సకోలాలో పుట్టాడు. తండ్రి అమెరికా వైమానిక దళంలో మతగురువు, సైనికులకు ప్రార్థనలు చేయించే ఉద్యోగం. హైస్కూలు ఫోర్ట్ వాల్టన్ బీచ్ అనే సముద్రతీర పట్నంలో. 1991లో ఆ స్కూలును రాష్ట్ర చాంపియన్ చేశాడు. అదే స్కూల్లో చదువులోనూ అతనే ఫస్టు. ఈ రెండో మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీనితో పని ఉంది.

ఫ్లోరిడా యూనివర్సిటీ కోచ్ స్టీవ్ స్పరియర్. ఆయన కూడా అదే యూనివర్సిటీకి క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి, 1966లో హైస్‌మన్ ట్రోఫీ గెలిచినవాడు. కాలేజీ ఆటగాడికి అంతకు మించిన గౌరవం లేదు. దక్షిణాది జట్లన్నీ బంతిని పొట్టకు హత్తుకుని పరుగెత్తే ఆటకే అలవాటుపడ్డ రోజుల్లో, ఈయన బంతిని గాల్లోకి విసిరించాడు. క్వార్టర్‌బ్యాక్ తప్పు చేస్తే సహించేవాడు కాదు. తలమీది టోపీ తీసి నేలకేసి కొట్టేవాడు, ఆట మధ్యలోనే మార్చేసేవాడు.

1993 సెప్టెంబరులో కెంటకీతో ఆట. మొదటి క్వార్టర్‌బ్యాక్ నాలుగుసార్లు బంతిని ఎదుటివాళ్ళ చేతుల్లో పెట్టాడు. కోచ్ అతన్ని తప్పించి, అప్పటికి పెద్దగా ఎవరికీ తెలియని డానీని దింపాడు. డానీ కూడా మూడుసార్లు అదే పని చేశాడు. మొత్తం ఏడు! అలాంటి ఆట గెలవడం దాదాపు అసాధ్యం. అయినా ఆఖరి నిమిషం దాకా ఫ్లోరిడా పోటీలోనే ఉంది. గడియారంలో మూడు సెకన్లు మిగిలాయనగా డానీ వేసిన 28 గజాల బంతిని క్రిస్ డోరింగ్ గీత దాటి అందుకున్నాడు. 24-20. ఈ డోరింగ్ ఎవరంటారా? ఆహ్వానం లేకుండా, స్కాలర్‌షిప్పు లేకుండా, నేనూ ఆడతానని వచ్చి జట్టులో చోటు సంపాదించిన కుర్రాడు. మూడుసార్లు తప్పు చేసిన చెయ్యి నాలుగోసారి వణక్కపోవడం ఉంది చూశారూ, నాకు డానీలో మొదట నచ్చింది అదే.

నిజానికి ఆ చేతిలో బలం తక్కువ. పెద్ద పెద్ద క్వార్టర్‌బ్యాక్‌ల చేతిలోంచి బంతి బాణంలా పోతుంది. ఇతని బంతి కాస్త తూలుతూ, మెత్తగా పోయేది. కానీ ఎక్కడికి రావాలో అక్కడికి, ఎప్పుడు రావాలో అప్పుడు వచ్చేది. మీకు తెలిసిన సంగతితో చెబుతాను. బస్టాండులోకి బస్సు ఇంకా ఆగకుండానే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకునేవాళ్ళను చూశారు కదా. కిటికీ ఇప్పుడు ఎక్కడుందో అక్కడికి వేస్తే తువ్వాలు కింద పడుతుంది. అది ఎక్కడికి రాబోతోందో అక్కడికి వెయ్యాలి. డానీ చేసింది అదే. తనవాడు ఇంకా మలుపు తిరక్కముందే, తిరిగాక ఉండబోయే చోటికి బంతి వేసేవాడు. దానికి కండబలం కన్నా చదువు కావాలి. ఎదుటి జట్టు అలవాట్లు, తన వాళ్ళ అడుగుల లెక్క, అన్నీ బుర్రలో ఉండాలి. 1995లో బంతి విసరడంలో సామర్థ్యాన్ని లెక్కగట్టే పట్టికలో జాతీయ రికార్డు సృష్టించాడు. 1993 నుంచి 96 దాకా వరుసగా నాలుగేళ్ళు ఫ్లోరిడాయే ఆగ్నేయ రాష్ట్రాల లీగు చాంపియన్. కాలేజీలో ఉన్నంతకాలంలో 10,875 గజాలు, 114 టచ్‌డౌన్లు.

అయితే ఆ 1995 సీజను చివర ఏం జరిగిందో కూడా చెప్పాలి. సీజను చివర ఆడే పెద్ద ఆటల్ని బౌల్ అంటారు. 1996 జనవరి 2న ఫియెస్టా బౌల్‌లో నెబ్రాస్కాతో జాతీయ టైటిలు పోరు. నెబ్రాస్కా 62, ఫ్లోరిడా 24. అవతలి క్వార్టర్‌బ్యాక్ టామీ ఫ్రేజియర్ బంతి పట్టుకుని ఒక్క పరుగులో, మీద పడ్డవాళ్ళందర్నీ విదిలించుకుంటూ 75 గజాలు పోయి టచ్‌డౌన్ చేశాడు. ఆ రోజు అతను పరుగుతోనే 199 గజాలు సంపాదించాడు. ఫ్లోరిడా జట్టు మొత్తానికి పరుగులో వచ్చింది మైనస్ 28. ఉన్నచోటి నుంచి వెనక్కే పోయారన్నమాట. డానీని కిందపడేసి పడేసి వదిలారు. టామీ ఫ్రేజియర్ గురించి మళ్ళీ వస్తాను.

మరుసటి ఏడు డానీకి చివరి ఏడు. వరుసగా పది గెలిచి, దేశంలో ఒకటో ర్యాంకుతో నవంబరు 30న తలహాసీ వెళ్ళారు, రెండో ర్యాంకులో ఉన్న ఫ్లోరిడా స్టేట్ అనే అదే రాష్ట్రపు ఇంకో యూనివర్సిటీ మీదకు. 24-21తో ఓడిపోయారు. బంతి వదిలేశాక కూడా డానీని కొట్టారని, అది ఆట కాదని స్పరియర్ రోజుల తరబడి బహిరంగంగా మండిపడ్డాడు. అవతలి కోచ్ బాబీ బౌడెన్ కాదన్నాడు. టైటిలు ఆశ అక్కడితో పోయిందనే అందరూ అనుకున్నారు.

కానీ వారం తిరిగేసరికి టెక్సస్ జట్టు టైటిలు పోటీలో ఉన్న నెబ్రాస్కాను ఓడించింది. అదే రోజు డానీ జట్టు అలబామాను 45-30తో గెలిచింది. దాంతో ఫ్లోరిడా, ఫ్లోరిడా స్టేట్ మళ్ళీ ఎదురెదురు, ఈసారి షుగర్ బౌల్‌లో, న్యూ ఓర్లీన్స్‌లోని సూపర్‌డోమ్ స్టేడియంలో. మధ్యలో డిసెంబరులో హైస్‌మన్ ట్రోఫీ డానీకి వచ్చింది. హైస్‌మన్ గెలిచిన కోచ్ చేతికింద ఆడి హైస్‌మన్ గెలిచినవాడు అంతకుముందు లేడు. చదువులో, నడవడిలో మేటి అయిన ఆటగాడికిచ్చే డ్రాడీ ట్రోఫీ కూడా అదే ఏడు అతనిదే. రెండూ గెలిచిన మొదటి మనిషి.

షుగర్ బౌల్‌కు స్పరియర్ ఒక చిన్న మార్పు చేశాడు. మామూలుగా ఆయన క్వార్టర్‌బ్యాక్ సెంటర్‌కు ఆనుకుని నిలబడి బంతి అందుకునేవాడు. ఈసారి డానీని నాలుగైదు గజాలు వెనక్కి నిలబెట్టాడు. షాట్‌గన్ అంటారు దాన్ని. వచ్చేవాళ్ళు తన మీదకు చేరడానికి ఇంకో అర సెకను పడుతుంది, వాళ్ళు ఎటునుంచి వస్తున్నారో ముందే కనబడుతుంది. ఒకే ప్రత్యర్థి, నెల తేడా. 52-20తో ఫ్లోరిడా గెలిచింది. డానీ 306 గజాలు విసిరాడు, మూడు టచ్‌డౌన్లు వేశాడు, తానే పరుగెత్తి ఇంకొకటి చేశాడు. టైటిలు పోటీలో ఉన్న అరిజోనా స్టేట్ ముందురోజే రోజ్ బౌల్‌లో ఓడిపోయి ఉండటంతో ఫ్లోరిడా యూనివర్సిటీకి మొట్టమొదటి జాతీయ టైటిలు దక్కింది. కోచ్‌లకు నేను ఈ ఆట ప్రత్యేకంగా చెబుతుంటాను. కుర్రాడు దెబ్బలు తిని వస్తే ఇంకా గట్టిగా నిలబడరా అని చెప్పడం సులువు. నిలబడే చోటు మార్చడం కోచ్ పని.

అప్పటికి డానీ వయసు 22. టచ్‌డౌన్ అయిన ప్రతిసారీ రెండు చేతులూ జోడించి ప్రార్థించేవాడు. ఆ బొమ్మ దేశమంతా తెలుసు. ప్లేబాయ్ అనే శృంగార పత్రిక తాను ప్రకటించే ఉత్తమ ఆటగాళ్ళ జట్టులోకి ఎంపిక చేస్తే, నా నమ్మకాలకు అది సరిపడదని మర్యాదగా వద్దన్నాడు. ఇక మిగిలింది ఎన్‌ఎఫ్‌ఎల్, అంటే డబ్బు తీసుకుని ఆడే పెద్దల లీగు. అందరూ అటే చూస్తారు. కానీ కాలేజీలో ఆడినవాళ్ళలో అక్కడిదాకా చేరేవాళ్ళు నూటికి ఇద్దరు కూడా ఉండరు.

డానీ చేరాడు. 1997 డ్రాఫ్టులో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే కార్యక్రమంలో, నాలుగో రౌండులో, 99వ పేరుగా న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ తీసుకుంది. దేశంలోకెల్లా ఉత్తమ కాలేజీ ఆటగాడు 99వ వాడు ఎలా అయ్యాడంటే, ఆ చేతి బలమే. కాలేజీలో ఖాళీ దొరికేది అర సెకను అయితే, పెద్దల లీగులో అది రెప్పపాటు. మెత్తగా పోయే బంతి ఆ వేగం ముందు ఆలస్యమవుతుంది. విచిత్రం చూడండి, సెయింట్స్ జట్టు ఆడేది ఆ సూపర్‌డోమ్‌లోనే. జీవితంలో అతిపెద్ద విజయం దక్కిన మైదానంలోనే, కొద్ది నెలల తేడాతో, అతను పక్కన నిలబడి వేరొకరి ఆట చూడాల్సి వచ్చింది. సెయింట్స్‌తో మూడు సీజన్లు. ఆ తర్వాత గ్రీన్‌బే, షికాగో, చివరికి 2002లో వాషింగ్టన్, పాత గురువు స్పరియర్ అక్కడికి కోచ్‌గా వచ్చి పిలిపించుకుంటే. మధ్యలో 2000లో యూరప్ లీగులో జర్మనీలోని రైన్ ఫైర్ తరఫున ఆడి, ఆ లీగు టైటిలు కూడా గెలిచాడు. కానీ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మొదటి నుంచి ఆడించిన ఆటలు ఆ ఆరేళ్ళలో పది. 12 టచ్‌డౌన్లు వేస్తే, 22 సార్లు బంతి ఎదుటివాళ్ళ చేతికి పోయింది. 2004 మొదట్లో ఇక చాలన్నాడు.

రికార్డు పుస్తకం తెరిస్తే ఆ ఏళ్ళు వైఫల్యం. కానీ సెయింట్స్ వాళ్ళు అతన్ని తీసుకోకపోతే అతను న్యూ ఓర్లీన్స్‌లో ఉండేవాడు కాదు. అక్కడ ఉండబట్టే డిజైర్ అనే పేట తెలిసింది.

ఆ పేట గురించి చెప్పాలి. న్యూ ఓర్లీన్స్ తొమ్మిదో వార్డులో, సూపర్‌డోమ్ నుంచి కారులో పావుగంట దూరం. పల్లపు నేల. రైలు పట్టాలకూ కాలువలకూ మధ్య ఇరుక్కుపోయిన చోటు. 1950ల్లో అక్కడ ప్రభుత్వం పేద నల్లజాతి కుటుంబాల కోసం వందలాది ఇటుక ఇళ్ళ సముదాయం కట్టింది. దేశంలోనే అతిపెద్ద ప్రభుత్వ గృహ సముదాయాల్లో అదొకటి. కట్టడం నాసి, నిర్వహణ అంతకన్నా నాసి. ఊరి నుంచి విడిగా పెట్టి, బడి, బస్సు, ఉద్యోగం ఏదీ సరిగా అందనివ్వకపోతే మనుషులకు ఏమవుతుందో అక్కడ అదే అయింది. అదే తొమ్మిదో వార్డులో 1960లో రూబీ బ్రిడ్జెస్ అనే ఆరేళ్ళ పిల్ల, చుట్టూ ఫెడరల్ మార్షల్స్ కాపలా నడుస్తుండగా, తెల్లపిల్లల బడిలో అడుగుపెట్టింది. అంత చరిత్ర ఉన్న చోటు అది. తొంభైలు వచ్చేసరికి నగరంలో ఎక్కువ హత్యలు జరిగే పేటల్లో ఒకటిగా మిగిలింది.

1990లో మో లెవరెట్ అనే యువ పాస్టర్ వచ్చి అక్కడే కాపురం పెట్టి, ఆ పేట హైస్కూల్లో ఫుట్‌బాల్ కోచింగ్ ఇస్తూ, డిజైర్ స్ట్రీట్ మినిస్ట్రీస్ అనే సంస్థ మొదలుపెట్టాడు. సెయింట్స్‌లో ఉండగా డానీ ఈ సంస్థకు వెళ్ళడం మొదలుపెట్టాడు. ఫొటో దిగి రావడానికి ఒకసారి వెళ్ళే ఆటగాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఇతను మళ్ళీ మళ్ళీ వెళ్ళాడు. జట్లు మారినా ఆ పేటతో తెగలేదు. 2002లో ఆ సంస్థ మగపిల్లల కోసం డిజైర్ స్ట్రీట్ అకాడమీ అనే బడి తెరిచింది. 2004లో ఆట మానగానే డానీ భార్యతో సహా న్యూ ఓర్లీన్స్‌లో స్థిరపడి పూర్తికాలం ఆ పనిలో చేరిపోయాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుతాను. ఆట మానేసిన మర్నాడు ఏం చెయ్యాలో తోచక కుప్పకూలిపోయిన ఆటగాళ్ళు ఎందరో ఉన్నారు. అమెరికాలో ఉన్నారు, మన దగ్గరా ఉన్నారు. వాళ్ళకు డబ్బు లేక అలా అయిందని మనం తేలిగ్గా అంటాం. డబ్బున్నవాళ్ళూ అలా అయ్యారు. ఎనిమిదేళ్ళ వయసు నుంచి పొద్దున లేస్తే ఎక్కడికి పోవాలో కోచ్ చెప్పాడు, ఏం తినాలో ట్రైనర్ చెప్పాడు. ఒకరోజు ఎవరూ ఏమీ చెప్పరు. డానీకి ఆ రోజు వచ్చేసరికి వెళ్ళడానికి ఒక వీధి ఉంది. అక్కడ పేరుపెట్టి పిలిచే పిల్లలున్నారు. ఆ వీధి అతనికి చాంపియన్‌గా ఉన్నప్పుడు దొరకలేదు, బెంచీ మీద ఉన్నప్పుడు దొరికింది. ఇక్కడున్న కోచ్‌లకు నా విన్నపం ఇదే. మీ జట్టులో పదిహేనో వాడు, పదహారో వాడు ఉంటారు కదా, మంచినీళ్ళు అందిస్తూ కూర్చునేవాళ్ళు. ఆ కూర్చునే కాలం వాళ్ళకు వృథా అని మీరు నమ్మితే వాళ్ళూ నమ్ముతారు.

2005 ఆగస్టు 29. కత్రీనా తుపాను. కరకట్టలు తెగి న్యూ ఓర్లీన్స్‌లో ఎనభై శాతం నీళ్ళ కిందకు పోయింది. డానీ కుటుంబం ముందే ఊరు విడిచింది. ఇల్లు మునిగిపోయింది. తొమ్మిదో వార్డులో బడి కూడా మునిగింది. ఎటూ పోలేని వేలమంది, ఎక్కువగా పేదలు, ఎక్కువగా నల్లవాళ్ళు, తలదాచుకున్నది ఎక్కడో తెలుసా? సూపర్‌డోమ్‌లో. పైకప్పు చిరిగి, కరెంటు పోయి, మరుగుదొడ్లు పొంగి, రోజుల తరబడి ఆ నరకంలో. 1997లో డెబ్భై వేలమంది అతని కోసం కేకలేసిన చోటు అది.

అకాడమీ పిల్లలు దేశమంతా చెల్లాచెదురయ్యారు. టీచర్లు, కోచ్‌లు కలిసి శిబిరాలకూ బంధువుల ఇళ్ళకూ ఫోన్లు చేసి ఒక్కొక్కర్నే వెతికారు. కొద్ది వారాల్లోనే ఫ్లోరిడాలో, డానీ పెరిగిన ప్రాంతంలోనే, నైస్‌విల్ దగ్గర ఒక వేసవి శిబిరంలో దాన్ని హాస్టల్ బడిగా మళ్ళీ తెరిచారు. ఒకప్పుడు హైస్కూలు కుర్రాడిగా చప్పట్లు కొట్టించుకున్న ఊళ్ళవాళ్ళనే అతను ఇప్పుడు మంచాలు, దుప్పట్లు, పుస్తకాలు అడిగాడు. వాళ్ళిచ్చారు. పేరు దేనికి పనికొస్తుందని ఎవరైనా అడిగితే నేను ఈ సంగతే చెబుతాను. తర్వాత బడి బేటన్ రూజ్‌కు మారింది. సంస్థ బాధ్యత కూడా డానీ చేతికే వచ్చింది.

ఆ బడి నిలబడిందని చెప్పగలిగితే నాకు సంతోషంగా ఉండేది. నిలబడలేదు. హాస్టల్ బడి నడపడానికయ్యే ఖర్చు మోయలేక కొన్నేళ్ళకు మూసేశారు. అది చిన్న నష్టం కాదు. అక్కడ చదువుతున్న ప్రతి పిల్లవాడికీ అది రెండో వరద. దాన్నుంచి సంస్థ తన పద్ధతి మార్చుకుంది. తామే వెళ్ళి బడి కట్టి నడిపే బదులు, దక్షిణాది నగరాల్లోని పేద పేటల్లో ఇప్పటికే పనిచేస్తున్న స్థానికులను వెతికి, వాళ్ళ వెనక నిలబడటం మొదలుపెట్టింది. డబ్బు సమకూర్చడం, శిక్షణ, పనిభారంతో వాళ్ళు విసిగి వదిలేయకుండా చూసుకోవడం. అట్లాంటా ప్రాంతం నుంచి ఆ పని నడుపుతున్నారు. నన్నడిగితే మొదటి పద్ధతి కన్నా ఇదే మేలు. పేట గురించి పేటవాళ్ళకే ఎక్కువ తెలుసు. క్వార్టర్‌బ్యాక్‌గా పేరు మోసినవాడు బంతి ఇంకొకరికిచ్చి పక్కన నిలబడగలగడం అంత తేలిక కూడా కాదు.

2011లో అతనికి ఇంకో దెబ్బ తగిలింది. కడుపులో వచ్చిన మామూలు ఇన్‌ఫెక్షన్ తర్వాత కాళ్ళూ చేతులూ సత్తువ తప్పాయి. గిలియన్ బారీ సిండ్రోమ్ అన్నారు. 2025 మొదట్లో పుణెలోనూ, ఆ తర్వాత మన గుంటూరు ప్రభుత్వాసుపత్రిలోనూ కేసులు వచ్చినప్పుడు జీబీఎస్ అని పేపర్లలో చదివి భయపడ్డాం, గుర్తుందా? అదే. రోగాలతో పోరాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ పొరపాటున సొంత నరాల మీదే పడుతుంది. ఎక్కువమంది కోలుకుంటారు, కానీ మెల్లగా. కొందరికి ఊపిరి తీసుకోవడమే కష్టమై వెంటిలేటర్ దాకా వెళుతుంది. డానీకి ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు ఇచ్చారు. తేరుకోవడానికి చాలా నెలలు పట్టింది. శరీరమే ఆస్తిగా బతికినవాడికి ఆ శరీరం మాట వినకపోవడం ఎంత బాధో ఆటగాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. అతను తిరిగి పనిలోకి వచ్చాడు.

అందరికీ ఇదే దారి అని నేను అనడం లేదు. ఒరెగాన్ స్టేట్ క్వార్టర్‌బ్యాక్ టెర్రీ బేకర్ 1962లో హైస్‌మన్ గెలిచాడు. అదే విద్యాసంవత్సరంలో బాస్కెట్‌బాల్ జట్టుతో జాతీయ సెమీఫైనల్ దాకా వెళ్ళాడు. చదివింది మెకానికల్ ఇంజినీరింగు. పెద్దల లీగు అతన్ని మొట్టమొదటి పేరుగా తీసుకుంది, అక్కడ రాణించలేదు. ఆడుతూనే లా చదివి, పోర్ట్‌లాండ్‌లో లాయరుగా స్థిరపడ్డాడు. అదీ నిండైన జీవితమే. బేకర్‌కైనా డానీకైనా ఆడేటప్పుడే చేతిలో పుస్తకం ఉంది. స్కూల్లో అతనే ఫస్టు అన్నమాట గుర్తుంచుకోమన్నది అందుకే. మన దగ్గర పిల్లవాడు ఆటలో పైకొస్తున్నాడంటే హాజరు వేసి పాస్ చేసేస్తాం, అదేదో సాయం చేసినట్టు. అది సాయం కాదండీ. వాడి రెండో జీవితాన్ని మనమే ముందుగా తీసేసుకోవడం.

టామీ ఫ్రేజియర్ సంగతి చెబుతానన్నాను. డానీని చిత్తుచేసిన ఆ నెబ్రాస్కా క్వార్టర్‌బ్యాక్, వరుసగా రెండు జాతీయ టైటిళ్ళు గెలిచినవాడు. 1994లోనే అతని కాలిలో రక్తం గడ్డకట్టే సమస్య బయటపడి ఆ సీజనులో చాలా భాగం ఆడలేకపోయాడు. ఆ భయంతో 1996 డ్రాఫ్టులో ఒక్క ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు కూడా అతన్ని తీసుకోలేదు. ఏడు రౌండ్లు, వందల పేర్లు, అందులో అతని పేరు లేదు. కెనడా వెళ్ళి మాంట్రియల్‌కు కొద్దికాలం ఆడాడు, అంతే. తర్వాత నెబ్రాస్కాలోనే డోన్ అనే చిన్న కాలేజీకి రెండు సీజన్లు కోచ్‌గా పనిచేశాడు. కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలో అంతటి ఆటగాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది. ఆ కాలేజీ ఆటకు అతను తెచ్చిపెట్టిన డబ్బులో అతని వాటా సున్న.

ఇప్పుడు నిబంధనలు మారాయి. 2021 జూలై నుంచి కాలేజీ ఆటగాళ్ళు తమ పేరు మీద, బొమ్మ మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు. 2025లో కోర్టు ఆమోదించిన రాజీ ప్రకారం యూనివర్సిటీలే నేరుగా చెల్లించవచ్చు, ఒక్కో యూనివర్సిటీ మొదటి ఏడాదికి 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. పేరున్న క్వార్టర్‌బ్యాక్ పంతొమ్మిదేళ్ళకే కోటీశ్వరుడవుతున్నాడు. డబ్బు కోసం ఏటా కాలేజీ మారేవాళ్ళూ ఉన్నారు. ఇది చెడిపోవడమని అక్కడ పాతతరంవాళ్ళు వాపోతుంటారు. నేను ఒప్పుకోను. కష్టపడ్డవాడికి కూలి దక్కాలి. టామీ ఫ్రేజియర్‌కు అది దక్కి ఉంటే నేను సంతోషించేవాణ్ణి. అయితే ఏటా ఊరు మారే కుర్రాడికి ఒక ఊరితో, ఒక పేటతో బంధం ఎప్పుడు ఏర్పడుతుందన్న దిగులు మాత్రం నాకు ఉంది. దానికి యూనివర్సిటీలు ఇంకా ఏమీ ఆలోచించినట్టు కనబడదు.

2013లో కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నవాళ్ళ జాబితాలో టామీ ఫ్రేజియర్, డానీ వర్ఫెల్ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అంతకు ముందు 2011లో గెయిన్స్‌విల్ స్టేడియం బయట డానీ విగ్రహం పెట్టారు, స్పరియర్ విగ్రహం పక్కనే. అన్నిటికంటే నాకు నచ్చింది వర్ఫెల్ ట్రోఫీ. 2005 నుంచి, ఆటా చదువూ బాగుండి, తన చుట్టూ ఉన్న సమాజానికి అందరికంటే ఎక్కువగా పనికొచ్చిన కాలేజీ ఆటగాడికి ఏటా దాన్ని ఇస్తున్నారు. మొదలుపెట్టింది డానీ చిన్నప్పటి ఊరు ఫోర్ట్ వాల్టన్ బీచ్ వాళ్ళు. 2008లో ఫ్లోరిడా క్వార్టర్‌బ్యాక్ టిమ్ టీబోకు వచ్చింది. మొదటి ఏడు మాత్రం లూసియానా స్టేట్ జట్టులో రూడీ నిస్వాంగర్ అనే కుర్రాడికి ఇచ్చారు. అతను సెంటర్. ఇందాక చెప్పానే, వంగి నిలబడి బంతిని వెనక్కి అందించేవాడు.

సమయం దాటిపోతోందని నిర్వాహకులు చెయ్యి చూపిస్తున్నారు. మూడో వరసలో ఉన్న మేడమ్ ఇందాకటి నుంచి ఏదో అడగాలనుకుంటున్నారు. మైకు వారికివ్వండి.